ఎక్కిళ్లకు విరుగుడు

మోకాలికి స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకున్నప్పటి నుంచి బిక్షానికి ఎక్కిళ్లు ఆగడం లేదు. మందు వల్ల వచ్చాయి, వాటంతటవే తగ్గుతాయి అన్నాడు సీతాఫల్‌మండి డాక్టరు. ముద్ద దిగదు, కన్ను మూతపడదు. బిక్షం చక్కెర బుక్కాడు, ఊపిరి బిగపట్టాడు, చెంబెడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఇక మిగిలింది ఉలిక్కిపడేలా చేయడమే. ఆ పనికి భార్య లచ్చమ్మ పూనుకుంది.

"నా ఉంగరం పోయింది. నువ్వే తీసినవంట."

"నీకు ఉంగరమెక్కడిదే?" అన్నాడు ఎక్కిళ్ల మధ్యనే.

"మీ అక్క వస్తదంట. నెల దాక ఉంటదంట."

"జెర ఊకో. నా తక్లీఫ్ నాకుంటే, నడుమ నీ పరాచికాలేంది?"

అతని డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే లచ్చమ్మ చూడలేకపోయింది. ఆమె ఆర్నెల్లుగా దాచిన మాట ఒకటుంది. అది వింటే తనను ఇంట్లోంచి గెంటేస్తాడని భయం. అయినా చెప్పేసింది.

"బిడ్డ హాస్టల్ల లేదు. తిరుమలగిరి పిలగాన్ని పెళ్లి చేసుకుంది. మన కులపోడు కాదు. నాకు ఎర్కయ్యి సుత నీకు చెప్పలే."

బిక్షం ఉలిక్కిపడలేదు. మునుపటిలాగే ఇంకో ఎక్కిలి వచ్చింది.

"ఇది ఉత్తమాట కాదయ్యా," అంది లచ్చమ్మ.

"ఎర్కనే," అన్నాడు బిక్షం. "గుళ్లె పిలగాని కాళ్లు కడిగి బిడ్డను అప్పజెప్పింది నేనే. నువ్వు లొల్లి చేస్తవని నీకు చెప్పలే."