చెరువు దాటిన కేక

అడవిలో గాయపడ్డ జంతువుల కోసం చెరువు గట్టున ఒక పాక ఉండేది. అవతలి గట్టు జంతువులు రోజూ పండ్లు పంపేవి. తిన్నాక రోగులంతా "కడుపు నిండింది!" అని ఒక్క గొంతుతో అరవాలి. అది విని దాతలు మురిసిపోయేవి. ముందుగా నినాదం అందుకునే పని చిలుక కీరవాణిది.

ఒకనాడు కాలు విరిగిన ముసలి కుందేలు ముందు తొక్కలు మాత్రమే కనిపించాయి. కీరవాణి మండిపడుతూ ఫిర్యాదులు చెప్పుకునే చెట్టుతొర్ర దగ్గరికి వెళ్లి చెప్పేసింది.

"విచారిస్తాం తల్లీ, వెళ్లిరా" అంది లోపలి గొంతు. వెంటనే ఒక అరటితొక్క బయటికొచ్చి పడింది. తొంగి చూస్తే, పాకను నడిపే కొండముచ్చే పండ్ల మధ్య కూర్చుని ఉంది!

"నామీద నాకే చెప్తావా? ఈ పూట అరిచి, రేపు అడవి వదిలిపో!" అని నవ్వింది.

సాయంత్రం కుందేలు బతిమాలింది. "ఎదురు తిరగొద్దమ్మా, ఉన్న తొక్కలూ పోతాయి."

"తొక్కలకు జేజేలు కొట్టే రోజులు పోయాయి తాతా!" అని కీరవాణి గొంతెత్తింది. "ఆకలేస్తోంది!"

అలవాటు కొద్దీ అందరూ అదే అరిచారు. తమ మాట తమకే వినిపించాక, రెండోసారి కావాలనే అరిచారు.

అవతలి గట్టు కదిలింది. ఏనుగులు నీళ్లు చిమ్ముకుంటూ వచ్చాయి. కొండముచ్చు తొర్రలోకి దూరబోయింది, పొట్ట అడ్డం పడి ఇరుక్కుపోయింది.

ఇప్పుడు దాతలే వచ్చి ఒక్కొక్కరినీ అడుగుతున్నాయి. కీరవాణికి పని పోయింది.

"ఈ మామిడిపండు పుల్లగా ఉంది!" అని కుందేలు తాత ఎవరూ నేర్పకుండానే అరిచినప్పుడు, చిలుక పాక చుట్టూ మూడు చక్కర్లు కొట్టింది.