సన్యాసయ్య డప్పు

సన్యాసయ్య బతికినన్నాళ్లూ వాడలో లేచిన ప్రతి శవం ముందూ డప్పు కొట్టాడు. ఇప్పుడు ఆయన పాడె లేవబోతుంటే, తమ్ముడు గురప్ప అదే డప్పును మంట మీద కాచి భుజాన వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే వీధి చివర ఎర్రదీపం వెలిగింది. వాడ పక్కనే కట్టిన కేంద్రంలో క్వాంటమ్ కంప్యూటర్ లెక్క మొదలెట్టిందన్నమాట. అది ఆరేదాకా వాడలో చప్పుడు కాకూడదు.

"ఏ కాస్త అదురు తగిలినా లెక్కంతా తప్పైపోద్దమ్మా. కొంచెం ఆగండి," అని ఆ కేంద్రం కాపలాదారు వచ్చి బతిమాలాడు.

"పొద్దు వాలిపోతంది బాబూ, ఎంతసేపని ఆపుతాం?" అని సన్యాసయ్య భార్య ఆదెమ్మ గుసగుసగా అంది.

మగాళ్లు చెప్పులు విడిచి, అడుగుల సవ్వడైనా లేకుండా పాడెను మోసుకెళ్లి పూడ్చి వచ్చారు. ఆదెమ్మ ఏడుపును కొంగులో కుక్కుకుంది.

వాళ్లు గుమ్మంలో కాళ్లు కడుక్కుంటుంటే పచ్చదీపం వెలిగింది.

"ఇక కొట్టుకోండమ్మా," అన్నాడు కాపలాదారు.

"ఎవరి ముందు కొట్టాలి బాబూ?" అంది ఆదెమ్మ.