రెండో పూత

కొనడానికి వచ్చిన పెద్దాయన పడవను ఒక్కసారైనా కొట్టి చూడలేదు. ఫహీం గుండె అక్కడే జారింది.

పాత ఫైబర్ పడవ కొనేవాడు ఎవడైనా ముందు జేబులోంచి రూపాయి బిళ్ళ తీస్తాడు. టకటకా కొట్టుకుంటూ పడవ చుట్టూ తిరుగుతాడు. పైనొక ఫైబర్ పొర, కిందొక ఫైబర్ పొర, మధ్యలో తేలిక చెక్క. చెక్క పొడిగా ఉంటే ఠంగుమంటుంది. నీళ్ళు తాగి కుళ్ళితే దబ్బుమంటుంది. అంతకుముందు వచ్చిన ఇద్దరూ అలా కొట్టి, దబ్బుమనగానే బండెక్కి వెళ్ళిపోయారు. అందుకే ఫహీం వారం రోజులు కూర్చుని పుట్టీ దట్టించాడు. రేపల్లెలో పగిలిన నీళ్ళ ట్యాంకులకు, ఫైబర్ కుర్చీలకు అతుకులు వేసే చెయ్యి అది. ఇప్పుడు ఎక్కడ కొట్టినా ఠంగే.

తీరా ఈయన కొట్టనే లేదు. కొట్టి మోసపోతే సగం తప్పు కొనేవాడిది. కొట్టకుండా నమ్మితే పాపమంతా అమ్మేవాడిదే కదా!

"ఎవరికీ ఏం కాలేదు కదా బాబూ?" అన్నాడు పెద్దాయన. తెనాలి నుంచి కారులో వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి.

"ఏంటండి?"

"ఈ పడవలో. ఎవరైనా పడిపోవడం, మునిగిపోవడం..."

"అయ్యో, లేదండి. బాపట్లలో రిసార్టు వాళ్ళు తీసేస్తుంటే కొన్నానండి. వాళ్ళు బొమ్మలా ఇసకలో నిలబెట్టారంతే. నేనసలు నీళ్ళలోకే దింపలేదు."

పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలాడు. శకునాల పట్టింపు ఉన్న మనిషి కాబోలు అనుకున్నాడు ఫహీం.

ఆయన నెమ్మదిగా పడవెక్కి, తెరచాప కొయ్య మొదట్లో వంగి అరచెయ్యి ఆనించాడు. సరిగ్గా అక్కడే. ఫహీం పుట్టీ పెట్టిన చోటే.

"అక్కడ రంగు కొత్తదండి. ఎండకి వెలిసిపోతే వేశాను. అంతే, ఇంకేం లేదు," అన్నాడు ఫహీం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే.

"బాగా కుదిరింది. నీ చేతిలో పనితనం ఉంది."

ఆ మెచ్చుకోలు ఫహీంకి చెంపదెబ్బలా తగిలింది.

ఇంతలో పెద్దాయన ఫోను మోగింది. కూతురు కాబోలు. "ఆఁ, కీర్తనా... దొరికిందమ్మా. ఇవాళే తెచ్చేస్తున్నా. ఆదివారం పిల్లల్ని తీసుకుని రా. తప్పకుండా తీసుకురా."

టీ గ్లాసులు పట్టుకొచ్చిన ఆసియా ఆ మాట విని భర్త వంక చూసింది. "పిల్లలంటండి," అంది గొంతు తగ్గించి. ఇంకేమీ అనలేదు. అన్నా బాగుండేది.

పెద్దాయన దిగి వచ్చి టీ అందుకున్నాడు. చెప్పిన రేటుకు బేరం కూడా ఆడలేదు. కవరు తీసి ఫహీం చేతిలో పెట్టబోయాడు. ఫహీం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, ఆగండి. ముందు ఇది వినండి."

జేబులోంచి తానే రూపాయి బిళ్ళ తీసి, పడవెక్కి కొయ్య మొదట్లో కొట్టాడు. ఠంగుమంది.

"విన్నారా? అది అబద్ధమండి. లోపల చెక్క టీలో నానిన రస్కులా ఉంది. నేనే పైన పుట్టీ పెట్టి, రంగేసి కప్పెట్టాను. గాలి గట్టిగా తగిలితే కొయ్య పెళ్ళతో సహా ఊడొస్తుంది. మీరు పిల్లల్నంటున్నారు... నా వల్ల కాదండి. వద్దు, తీసుకోవద్దు."

పెద్దాయన టీ ఒక గుక్క తాగాడు. ఫహీం ఇక ఆగలేకపోయాడు.

"నేను కొన్నప్పుడూ ఇలాగే ఠంగుమందండి. తర్వాత రంగు గీకితే ఎవడిదో పాత పుట్టీ బయటపడింది. రిసార్టు వాళ్ళకి ఈ పని రాదు. వాళ్ళకి అంటగట్టినవాడెవడో చేసుంటాడు. వాడికి తిన్న అన్నం ఎలా అరుగుతోందో అని రోజూ తిట్టుకున్నాను. చివరికి నేనూ అదే పని చేశాను. సిగ్గుగా ఉందండి."

ఆసియా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెద్దాయన టీ పూర్తి చేసి గ్లాసు పక్కన పెట్టాడు. కవరు తెచ్చి మళ్ళీ ఫహీం ముందు పెట్టాడు.

"ఉంచు."

"కుళ్ళిందని చెప్తున్నా కదండీ!"

"తెలుసు."

"తెలుసా? కొట్టి కూడా చూడలేదు కదండీ మీరు!"

"ఇది ఇంక నీళ్ళలోకి దిగదు బాబూ. ఇంకొకడి చేతిలోకీ పోదు. ఆదివారం మా పెరట్లో రంపం పెట్టి ముక్కలు చేయిస్తా. పిల్లల్ని రమ్మన్నది అది చూడటానికే."

ఫహీంకి తల తిరిగింది. "ముక్కలు చేయడానికి ఇంత డబ్బు పోస్తారా? అసలు మీకెందుకండీ ఈ తలనొప్పి?"

పెద్దాయన మళ్ళీ ఆ కొయ్య మొదట్లోకే చూశాడు.

"ఆ పాత పుట్టీ పెట్టినవాడికి అన్నం ఎలా అరుగుతోందని అడిగావు కదా. ఏడేళ్ళ నుంచి అరగడం లేదు బాబూ."