జూలైలో చేతి తొడుగులు

లోవెల్ స్ట్రిక్లర్ గోడకి వేలాడుతున్న తుపాకుల వంక చూడనేలేదు. తనకు కావలసిన కార్బైన్ రకం పొట్టి తుపాకీ పేరు, నంబరు తడుముకోకుండా చెప్పాడు.

"కొనడానికి కాదమ్మా. ఓసారి కాల్చి చూడ్డానికి."

కౌంటర్ వెనకున్న డార్లా ఆయన్ని ఎగాదిగా చూసింది. దుకాణం ఆమెదే. వెనక సోయా చేలని ఆనుకుని ఉన్న గురి మైదానమూ ఆమెదే. శనివారాలు జనం జంటలుగా, గుంపులుగా వస్తారు. ఇనుప పలకలు ఠంగుమనిపించి, నవ్వుకుంటూ పోతారు. ఈయన ఒక్కడే వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"ఏ ఊరు పెద్దాయనా?"

"బెన్‌ఫోర్డ్ దగ్గర."

"నలభై మైళ్ళు! అక్కడ తుపాకుల కొట్లు లేవా, మూసేసి చేపలు పట్టడానికి పోయారా?"

"ఉన్నాయి. అంతా తెలిసినవాళ్ళు."

ఆ జవాబు డార్లాకి నచ్చలేదు. ఒంటరిగా వచ్చిన కొత్తవాళ్ళ చేతికి తుపాకీ ఇచ్చి ఆమె పక్కకి పోదు. మ్యాగజైన్‌లో పదిహేడు తూటాలు పడతాయి. రెండే పెట్టింది. తనే వెంట నడిచింది.

మోత వినబడకుండా చెవులకి డిప్పలు తగిలించుకుని లోవెల్ కార్బైన్ అందుకున్నాడు. అనుకున్నదానికన్నా తేలిక. సగం ప్లాస్టిక్కే. చూపులకి రైఫిలే గానీ, మింగేది పిస్టల్ తూటా. భుజానికి ఆనించి పాతిక గజాల అవతలి పలక మీద కాల్చాడు. పెద్దగా తన్నలేదు. ఎవరో పిలవడానికి భుజం తట్టినట్టుంది. పలక మోగింది. రెండోదీ మోగింది.

"బాగుంది కదూ?" అంది డార్లా. "మా అత్తగారు ఎనభై ఏళ్ళావిడ, ఇదిస్తే వదలదు. తిరిగి లాక్కోవాలంటే కేకు ఆశ చూపించాలి."

లోవెల్ నవ్వలేదు. గురి కుదిరినందుకు సంతోషమూ కలగలేదు. పది రోజులుగా ఆయనకి ఏదీ రుచించడం లేదు. అన్నీ గాజు అవతల జరుగుతున్నట్టున్నాయి.

ఖాళీ కార్బైన్‌ని మీట లాగి పేల్చడానికి సిద్ధం చేశాడు. భుజానికి ఆనే దాని వెనక కొసని నేల మీది రబ్బరు పట్టా మీద ఠపీమని కొట్టాడు. లోపలి సుత్తి పడలేదు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి ఇంకా గట్టిగా కొట్టాడు. పడలేదు.

"ఏంటి సార్, దాని మీద పగా?"

"కింద పడితే పేలుతుందేమోనని."

"పేలదు. చూశారుగా."

"చూశాను."

ఆయన మొహంలో ఏదో తలుపు మూసుకున్నట్టయింది. తర్వాత వెనక జేబులోంచి తోలు చేతి తొడుగులు తీశాడు. మంచులో కంచెలు బాగుచేసేటప్పుడు వేసుకునే మందపాటివి. ఎండ మాడ్చేస్తోంది.

"జూలైలోనా?" అంది డార్లా. "మంచు పడబోతున్నట్టు మీకేమైనా కబురొచ్చిందా?"

"ఇంకో రెండు పెట్టమ్మా."

ఆమె ఒక్కటే పెట్టింది. లోవెల్ కుడి తొడుగు వేసుకుని, గొట్టం తూటాలు ఆపే మట్టి కట్ట వైపు వంచి పట్టుకున్నాడు. పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీశాడు.

"ఇప్పుడు కాల్చను. ఊరికే వేలు పెట్టి..."

ఢామ్మంది. కట్ట మీద దుమ్ము లేచింది.

డార్లా ఒక్క అంగలో వచ్చి కార్బైన్ లాక్కుంది.

"కాల్చనని చెప్పి నొక్కుతారేంటి?"

"నేను నొక్కలేదు."

"అది దానంతటది పేలదు పెద్దాయనా. నొక్కారు. అంత మందం తోలులో మీకు తెలియలేదు, అంతే."

లోవెల్ ఆమె మొహంలోకి మొదటిసారి తిన్నగా చూశాడు.

"ఆ మాట మళ్ళీ చెప్పు."

"నొక్కారు. మీకు తెలియలేదు."

ఆయన తొడుగు విప్పి, తన వేలుని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అది వేరే ఎవరిదో అన్నట్టు.

డార్లా తుపాకీ ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. ఆయనకీ దానికీ మధ్యలో నిలబడింది. గొంతు తగ్గించింది.

"నన్ను తిట్టినా సరే, అడుగుతాను. మీ మనసులో ఏముంది?"

"సోమవారానికి ఒకటి తేల్చుకోవాలి."

"ఏంటది?"

"ఒకసారి అయిపోతే మళ్ళీ వెనక్కి తీసుకోలేనిది."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"భార్య ఉంది. ఆర్లీన్."

"ఆవిడకి చెప్పండి. ఈ రాత్రే చెప్పండి. చెప్పుకుంటే సగం దిగుతుంది."

"చెప్పకూడదు."

"చెప్పలేరా?"

"చెప్పకూడదమ్మా."

డార్లా ఒక చీటీ మీద తన ఫోన్ నంబరు రాసి ఆయన జేబులో కుక్కింది. ఏ వేళనైనా ఫోన్ చెయ్యమంది. మీ ఇంట్లో తుపాకులుంటే ఈ ఆదివారం తెచ్చి నా దగ్గర పెట్టండి, ఊరికే దాస్తాను, అంది. లోవెల్ తలూపాడు. ట్రక్కెక్కాడు. రేడియోలో జిల్లా వార్తలు మొదలవగానే చప్పున కట్టేశాడు.

మలుపు తిరిగేదాకా ఆమె రోడ్డు మీదే నిలబడి చూసింది.

సోమవారం ఉదయం కోర్టు వెనక తలుపులు మూసిన గదిలో, మొన్న జనవరి మంచులో తొడుగులేసుకుని వేటకి పోయిన అన్న, తను నొక్కలేదంటున్నా, అలాంటి కార్బైన్‌తోనే తమ్ముణ్ణి కావాలనే కాల్చి చంపాడంటూ తీర్పు చెప్పాల్సిన జ్యూరీలో పదకొండు మంది చేతులెత్తితే, పన్నెండోవాడైన లోవెల్ చెయ్యి బల్ల మీద నుంచి లేవలేదు.