ఏడు పెట్టెలు

“ఏడు పెట్టెలు. సాయంత్రం ఐదింటికల్లా కావాలి,” అన్నాడు సూపర్‌వైజర్, వడ్రంగి షెడ్డు గుమ్మంలోనే నిలబడి.

వడ్రంగి చేతిలో చిత్రిక ఆగింది. కొండ కింద సొరంగం కూలి అది మూడో రోజు. లోపల ఏడుగురున్నారు. వాళ్ళలో ఒకడు అతని అల్లుడు.

“దొరికారా సార్?”

“లేదు. ఒక్కడి మూలుగు కూడా వినపడలేదు. తవ్విన చోటల్లా మళ్ళీ మట్టి జారి పూడుకుపోతోంది. తవ్వకం ఆపెయ్యమని పైనించి ఆర్డరొచ్చింది.”

“మరి పెట్టెల్లో ఏం పెడతారు?”

“ఏమీ పెట్టం. పెద్దవాళ్ళొస్తున్నారు. సొరంగం ముందు వరసగా ఉంచి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, మట్టిచ్చేస్తాం.” సూపర్‌వైజర్ గొంతు తగ్గించాడు. “నీ ఇంటి మనిషే, నాకు తెలుసు. కానీ ఇక్కడ వేరే వడ్రంగి లేడు.”

వడ్రంగి చిత్రిక పక్కన పెట్టాడు. “తవ్వాల్సింది ఇంకెంత మిగిలింది సార్?”

“నలభై అడుగులు. నీకెందుకు? నీది పెట్టెల పని.”

వడ్రంగి చెవి మీది పెన్సిలు తీసి గోడ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. “రెండంగుళాల మందం చెక్క ఇప్పించండి.”

“ఖాళీ పెట్టెలకి అంత మందం దేనికయ్యా?”

“పైన పడే మట్టి బరువు మీకు తెలీదు సార్.”

సూపర్‌వైజర్ ఇక వాదించలేదు. స్టోరుకు చీటీ రాసిచ్చి, తప్పించుకున్నవాడిలా వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి కూతురు వచ్చింది. సొరంగం దగ్గరున్న ఆడవాళ్ళనందరినీ కాపలావాళ్ళు గేటు బయటికి నెట్టేశారు. చీరంతా బురద. నేల మీద పరిచిన పొడవాటి పలకలు చూసి ఆమె గుమ్మంలోనే బిగుసుకుపోయింది.

“నాన్నా, ఏం చేస్తున్నావ్?”

“పని.”

“నా మొగుడికి పెట్టె చేస్తున్నావా? నీ చేత్తోనా?”

సుత్తి దెబ్బ ఆగలేదు.

“ఆదివారం మందిరంలో లేచి సాక్ష్యం చెప్పేది నువ్వే కదూ! ప్రభువు చెయ్యి వదలడని మైకులో ఒకటే చెప్పడం. నీ చెయ్యి మాత్రం మూడు రోజులకే వదిలేసిందా?”

“మూడు రోజులే కదమ్మా అయింది.”

“అదేం మాట?”

“అది తర్వాత. అల్లుడి భుజాలెంత వెడల్పుంటాయో చెప్పు.”

ఆమె చేతికందిన మేకుల డబ్బా ఎత్తి విసిరికొట్టింది. మేకులు షెడ్డంతా చెల్లాచెదురయ్యాయి. వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకోసాగాడు. పెదవులు కదులుతున్నాయి.

“నన్ను తిట్టుకుంటున్నావా?”

“ప్రార్థన చేసుకుంటున్నా. నువ్వూ చేసుకో. రాకపోతే ఆ మేకులైనా ఏరిపెట్టు.”

ఆమె కదల్లేదు. నిలబడ్డచోటి నుంచే అంది: “ఇంట్లో తలుపు ఒక రెక్కే తీస్తే పట్టడు.”

వడ్రంగి పలక మీద గీసిన గీతను మూడు వేళ్ళు బయటికి జరిపి మళ్ళీ గీశాడు.

బయట ట్రాక్టరు ఆగింది. తవ్వకం ముఠా మేస్త్రీ తల లోపలికి పెట్టాడు. “బాబాయ్, మొదటిది అయిందా?”

“పట్టా కప్పి తీసుకుపో. రెండోది గంటలో ఇస్తా. సూపర్‌వైజర్ ఏడీ?”

“ఆఫీసులో ఫోన్లకి జవాబు చెప్పుకుంటున్నాడు. ఎవరైనా అడిగితే ఐదింటి ప్రార్థనకని చెబుతా.”

కూతురు అతని దారికి అడ్డం నిలబడింది. “నువ్వు కూడానా అన్నా? మూడు రోజులు తవ్వి అలిసిపోయారా? పాతిపెట్టడానికి అంత తొందరొచ్చిందా?”

మేస్త్రీ ఆమె కళ్ళలోకి చూడలేదు. “తొందరే చెల్లెమ్మా. చాలా తొందర.”

ట్రాక్టరు వెళ్ళింది, వచ్చింది, వెళ్ళింది. మధ్యాహ్నం వడ్రంగి అన్నం ముట్టలేదు. బొటనవేలు మీద సుత్తి పడి గోరు నల్లబడినా నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ పనిలో పడ్డాడు. నాలుగు దాటాక ఏడో పెట్టెతో పాటు తనూ ట్రాక్టరెక్కాడు. కూతుర్ని రమ్మనలేదు.

ఐదింటికి సూపర్‌వైజర్ జీపు వచ్చింది. వెనక సీట్లో ఏడు పూలదండలు. షెడ్డులో రంపపు పొట్టు, దాని మధ్యలో ఒంటరిగా కూతురు.

“పెట్టెలేవమ్మా?”

“పట్టుకుపోయారు.”

“చెప్పిన టైముకి చేశాడన్నమాట. నువ్వూ రా, చివరిచూపు...”

“చూడ్డానికేముంది సార్, ఖాళీ పెట్టెల్లో?” అంది గానీ, లేచి జీపెక్కింది.

సొరంగం ముందు పెట్టెలు లేవు. ముఠా అంతా మట్టిగుట్ట దగ్గర గుంపుగా మోకాళ్ళ మీద ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు. అందరికంటే ముందు వడ్రంగి నేల మీద బోర్లా పడుకుని, తల మట్టిలోకి దూర్చి ఉన్నాడు.

“పెట్టెలేవయ్యా? పెద్దవాళ్ళు గేటు దగ్గరికొచ్చేశారు!”

“లోపలున్నాయి సార్,” అన్నాడు మేస్త్రీ.

“అప్పుడే పూడ్చేశారా? ప్రార్థన కాకుండానే? ఎవడిచ్చాడు మీకు ఆర్డరు?”

మేస్త్రీ పెదవుల మీద వేలు పెట్టుకుని, టార్చి అతని చేతికిచ్చి, వంగి చూడమన్నట్టు సైగ చేశాడు.

వడ్రంగి తల బయటికి తీసి పక్కకు జరిగాడు. సూపర్‌వైజర్ వంగాడు. మట్టిలోంచి మొదటి పెట్టె అంచు కనిపిస్తోంది. దానికి తలవైపు చెక్క లేదు. కాళ్ళవైపు చెక్కా లేదు. దాని వెనక రెండోది, మూడోది, నాలుగోది... జారే మట్టిని నాలుగు పక్కలా ఆపుతూ, ఒకదానికొకటి ఆనించిన ఏడు పెట్టెలు కొండ కడుపులోకి సూటిగా వెళ్ళాయి. టార్చి వెలుగు ఆ చివరిదాకా వెళ్ళలేదు. మధ్యలోనే దేనికో తగిలి ఆగింది. అది కదిలింది. బురదచెయ్యి ఒకటి ముందుకొచ్చి, అంచు పట్టుకుంది.

“టార్చి కళ్ళలో కొట్టకండి మామయ్యా,” అన్నాడు అల్లుడు, “కాస్త తప్పుకోండి, వెనక ఇంకా ఆరుగురున్నారు.”