మేడ మీది మూడో తరగతి

ఈ కథలో కల్పన ఆవగింజంత కూడా లేదని ముందే చెబుతున్నాను. అబద్ధమాడటం నా ఒంటికి పడదు.

“ఇక్కడ సంతకం పెట్టండమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు, కాగితాన్ని బల్ల మీద ముందుకు తోస్తూ. “పాపను మీ ఇష్టపూర్వకంగానే బడి మాన్పిస్తున్నట్టు రాశాం. అంతా మర్యాదగా ఉంటుంది.”

మర్యాదంటే ఆయనకు ప్రాణం. మనుషులను బయటికి నెట్టేటప్పుడు కూడా మెత్తగా నెడతాడు.

బల్లకు ఇవతల ఒకే కుర్చీ. అందులో తల్లి, బట్టలు కుట్టి బతికే మనిషి. పక్కన చక్రాల కుర్చీలో ఎనిమిదేళ్ళ కూతురు. ఇంట్లో ఆ పిల్లను పిచ్చుక అంటారు. కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినవు, నోట మాట రాదు. కళ్ళు పైకెత్తితే అవును, దించితే కాదు. ఆ కాగితం మీద సంతకం పడిందా, చుట్టుపక్కల ఆ పిల్లను చేర్చుకునే బడి ఇంకొకటి లేదు.

తల్లి వెనక నిలబడ్డాడు పెద్దాయన, సహాయ కేంద్రం పంపిన తోడుమనిషి. ఇలాంటి పిల్లలున్న ఇళ్ళ తరఫున మాట్లాడి పెట్టడమే ఆ కేంద్రం పని. దాని గుమ్మం మీద ‘మీ వెంటే మేమున్నాం’ అని అడుగెత్తు అక్షరాలు. తల్లి మూడుసార్లు తిరిగి, ఒకే దరఖాస్తు మూడుసార్లు నింపి వచ్చింది. పెద్దాయనకు బుర్రమీసాలు, కంచు గొంతు. ఆయన దగ్గితే కిటికీ అద్దాలు గజగజలాడతాయి. అంతటివాడిని కూర్చోమన్నవాడు లేడు.

తల్లి ఆ కాగితాన్ని, కత్తెర పెట్టబోయే ముందు గుడ్డను చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎందుకు మాన్పించాలి సార్?” అన్నాడు పెద్దాయన.

హెడ్మాస్టరు ఆయన వంక చూడనైనా లేదు. తల్లితోనే అన్నాడు: “అమ్మా, వచ్చే ఏడు మూడో తరగతి. అది మేడ మీద. ఈ కుర్చీ మెట్లెక్కుతుందా? ఎత్తుకెళ్ళడానికి మాకు మనుషులున్నారా? అయినా మనం అనేది ఆ పిల్లకు ఒక్క ముక్కైనా అర్థమవుతుందా, చెప్పండి! గోడకు పాఠం చెప్పినట్టే.”

పక్కన నిలబడ్డ క్లాసు టీచరు నోరు తెరవబోయి, ఆయన కనుబొమ్మ చూసి మూసుకుంది. పైవాడి ముందు నోరు మూసుకోవడంలో ఆమెకు పన్నెండేళ్ళ అనుభవం.

“క్లాసులో ఎంతమంది పిల్లలు సార్?” పెద్దాయన అడిగాడు.

“ఈ పాప కాక ముప్పై.”

“అంటే అరవై కాళ్ళు. పిచ్చుక పైకెక్కలేదు, సరే. ఆ అరవై కాళ్ళూ కిందికి దిగలేవా?”

ముందుగా నవ్వింది పిచ్చుక. కిచకిచమంటూ, తల వెనక్కి వాల్చి, చక్రాలు కదిలేంతగా నవ్వింది. ఆపుకోలేక టీచరూ నవ్వేసింది.

“సార్... పాపకి అర్థమైంది సార్!”

“ఏదో అలా కలిసొచ్చింది,” అన్నాడు హెడ్మాస్టరు.

“అయితే మీరు చెప్పిన కారణమే రాసివ్వండి,” అన్నాడు పెద్దాయన. “పిల్లకు నడక రాదు, క్లాసు మేడ మీద ఉంది, దాన్ని కిందికి దింపడం మాకిష్టం లేదు, అందుకే బడి మాన్పిస్తున్నాం అని. అడుగున సంతకం, తారీఖు, బడి ముద్ర.”

“అదేంటమ్మా, నోటితో చెబుతున్నాను కదా!”

“నోటితో చెప్పింది కలంతో ఎందుకు చెప్పలేరు? మేమైతే సంతకం పెట్టాలి, తమరు పెట్టకూడదా?”

హెడ్మాస్టరు కలం మూత తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఇరవై ఏళ్ళుగా సెలవు చీటీల మీద దూసుకుపోయిన కలం ఒక్క వాక్యం దగ్గర మొరాయించింది. మనసులోది కాగితం మీద చూసుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసొచ్చినట్టుంది. పాపం, చెమటలు కూడా మర్యాదగానే పట్టాయి.

“కింద సామాన్ల గది ఖాళీ చేయిస్తే సరిపోతుందేమో,” అంది టీచరు, కిటికీకి చెబుతున్నట్టు.

“నేనూ అదే అనుకుంటున్నా!” అన్నాడు హెడ్మాస్టరు. తను తోసిన కాగితాన్ని తనే నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

“ఆ సంగతి రాసివ్వండి సార్,” అన్నాడు పెద్దాయన.

ఈసారి కలం చకచకా నడిచింది. ముద్ర కూడా పడింది.

వసారాలోకి టీచరు పరిగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. “భలే అడిగారక్కా! నా వల్లయితే అయ్యేది కాదు.”

అడిగింది ఒకరు, మెప్పు మరొకరికి. లోకం తీరే అంత. పెద్దాయన మాత్రం చిన్నబుచ్చుకోలేదు.

తిట్టుకుంటే తిట్టుకోండి, ఇందులో ఒక్కటి కల్పించాను. ఆ గదిలో పలికిన మాటలన్నీ నిజంగా పలికినవే. సహాయ కేంద్రం నుంచి మాత్రం ఆ రోజు ఎవరూ రాలేదు.