కోడిపెట్ట కొన్న కుక్కపిల్ల

కోడిపెట్టకు కుక్కను కొనాలని ఎందుకు బుద్ధి పుట్టిందంటారా? దాని పిల్లల్ని అడవిపిల్లి ఒక్కొక్కటిగా ఎత్తుకుపోతోంది మరి. అందుకే సంతకు పోయింది.

అక్కడ కుక్కపిల్లల్ని అమ్మేది తొండ. ఏమడిగినా అవునన్నట్టు తలాడించడమే దాని వ్యాపారం.

“ఇదేం జాతి తమ్ముడూ, ఇంత బొచ్చుంది?”

“చలిదేశపు జాతి అక్కా. రోజూ దువ్వాలి.”

“నా ఈకలు దువ్వుకోడానికే తీరిక లేదు. ఆ చప్పిడి మూతిదో?”

“రాజవంశం! గురక పెడితే ఊరంతా వింటుంది.”

“దొంగ కూడా వింటాడు, నిద్రపోతోందని.”

చివరికి పెట్ట తనకు తెలిసిన పరీక్షే పెట్టింది. రెక్క ఎత్తి పట్టుకుంది. ఒక బక్క నల్ల కుక్కపిల్ల వచ్చి, దూరి, వెచ్చగా పడుకుంది.

“ఇది కావాలి. ఏం జాతి?”

తొండ మొదటిసారి తల అడ్డంగా ఊపింది.

పెట్ట దాన్ని తన పిల్లలతోపాటే పెంచింది. గద్ద నీడ పడితే రెక్క కింద దూరడం నేర్పింది. మొరగడం నేర్పుదామంటే తనకే రాదాయె! కుక్క మాత్రం దూడంత ఎదిగింది.

ఒక మిట్టమధ్యాహ్నం అడవిపిల్లి రానే వచ్చింది. పెట్ట కేకెయ్యగానే పిల్లలన్నీ రెక్కల కిందికి ఉరికాయి. కుక్కా దూరింది. దూరి, భయంతో పళ్లు టకటకలాడిస్తూ లేచి నిలబడింది. దాంతోపాటే, దాని వీపు మీదున్న పెట్టా పైకి లేచింది.

నాలుగు కాళ్లు, తోక, కోరలు ఉన్న కోడిని చూసి అడవిపిల్లి పరుగో పరుగు.

పక్కింటి బాతు రొప్పుతూ వచ్చింది. “ఏం జాతి వదినా అది?”

పెట్ట కుక్క వీపు మీదే కూర్చుని ఈకలు సర్దుకుంది.

“కనబడ్డంలా? మా జాతే.”